పాస్తాకి ఇటాలియన్ టమాటా సాస్: మన బజారు టమాటాలతో ఇంట్లో ఎలా చేయాలి

"అన్నీ సరిగ్గానే వేశానండీ, కానీ చివరికి టమాటా కూరలాగే వచ్చింది." పాస్తా సాస్ గురించి నన్ను అడిగేవాళ్లలో ఎక్కువమంది ఈ మాటతోనే మొదలుపెడతారు. ఏమేం వేశారో చెప్పమంటే జాబితా వస్తుంది: అల్లం వెల్లుల్లి ముద్ద, చిటికెడు పసుపు, అర చెంచా కారం, కాస్త ధనియాల పొడి, చివర్లో రెండు చెంచాల కెచప్. అవన్నీ పడ్డాక అది కూరే. మంచి కూరే అయి ఉండొచ్చు, పాస్తా సాస్ మాత్రం కాదు.

దక్షిణ ఇటలీలో, ముఖ్యంగా నేపుల్స్ చుట్టుపక్కల ఇళ్లల్లో, రోజువారీ టమాటా సాస్‌ని 'సూగో' అంటారు. అందులో పడేవి ఐదే: టమాటాలు, ఆలివ్ నూనె, వెల్లుల్లి, ఉప్పు, బేసిల్ ఆకు. తిన్నవాళ్లకి టమాటా రుచి తెలియాలి, మిగతావి దాని వెనక నిలబడాలి. అందుకే ఈ వంటలో కష్టమంతా ఏం వేయాలన్న దగ్గర కాదు, వేయకుండా చెయ్యి ఆపుకోవడం దగ్గర ఉంటుంది.

కావలసినవి (నలుగురికి, 350 గ్రాముల పాస్తాకి)

- బాగా పండిన టమాటాలు: 1 కిలో
- ఆలివ్ నూనె: 4 టేబుల్ స్పూన్లు, చివర్లో వేయడానికి ఇంకో టేబుల్ స్పూను
- వెల్లుల్లి: 3 పెద్ద రెబ్బలు (మన సన్న రెబ్బలైతే 6)
- ఉప్పు: ముప్పావు టీస్పూను, తర్వాత రుచి చూసి కొంచెం
- బేసిల్ ఆకులు: 8 నుంచి 10
- పంచదార: చిటికెడు, అవసరమైతేనే

సామాను సంగతికొస్తే, అడుగు మందంగా ఉన్న వెడల్పాటి స్టీలు బాండీ కావాలి. పప్పుగుత్తి, ఒక జల్లెడ ఉంటే చాలు. ఇనప మూకుడు, పూత లేని అల్యూమినియం గిన్నె, కళాయి లేని ఇత్తడి గిన్నె వద్దు. టమాటా పులుపు వాటిని పట్టేసి సాస్‌కి లోహపు రుచి ఎక్కుతుంది, రంగు కూడా నల్లబడుతుంది. లోతైన గిన్నె కూడా వద్దు. ఎందుకో ఆరో మెట్టులో చెబుతాను.

టమాటాలు ఎలాంటివి కొనాలి

ఫలితంలో సగం ఇక్కడే తేలిపోతుంది కాబట్టి కాస్త నిదానంగా చదవండి.

ఇటలీలో సాస్‌కి పేరున్న రకం శాన్ మార్జానో. వెసువియస్ అగ్నిపర్వతానికి దగ్గర్లో, సార్నో నది లోయలో పండుతుంది. పొడుగ్గా, కొస సన్నగా ఉంటుంది. కండ ఎక్కువ, గింజలు తక్కువ, నీరు తక్కువ. ఆ ప్రాంతంలో పండినదానికి 1996 నుంచి ఐరోపా రక్షిత పేరు, అంటే డీఓపీ గుర్తింపు ఉంది.

మన బజారులో ఉండేవి ప్రధానంగా రెండు తరహాలు. గుండ్రంగా, కాస్త అణిగి, గాళ్లు గాళ్లుగా ఉండే నాటు టమాటా ఒకటి. కోడిగుడ్డు ఆకారంలో, తొక్క మందంగా, గట్టిగా ఉండే హైబ్రిడ్ ఇంకొకటి. చారుకీ పచ్చడికీ నాటు టమాటాయే నాకూ ఇష్టం. కానీ దానిలో పులుపూ నీరూ ఎక్కువ, దానితోనే సాస్ చేస్తే గంటసేపు ఇగరబెట్టినా పుల్లగానే మిగులుతుంది. హైబ్రిడ్‌లో కండ బాగుంటుంది, రుచి మాత్రం చప్పన. నేను ముప్పావు కిలో హైబ్రిడ్, పావు కిలో నాటు కలుపుతాను. చిక్కదనం ఒకదాని నుంచి, రుచి రెండోదాని నుంచి వస్తాయి.

ఏ రకమైనా సరే, కొన్న రోజే వండకండి. దూరం పంపే టమాటాలు దోరగా ఉండగానే కోస్తారు. పైకి ఎర్రగా కనిపించినా కోస్తే లోపల తెల్లటి గట్టి భాగం ఉంటుంది. ఫ్రిజ్‌లో పెట్టకుండా బుట్టలో పరిచి రెండు మూడు రోజులు వదిలేయండి. వేలితో నొక్కితే కొంచెం లొంగాలి, తొడిమ దగ్గర వాసన చూస్తే టమాటా వాసన రావాలి. అప్పుడు వండాలి.

మదనపల్లె మార్కెట్‌లో ధర పడిపోయి, కోత కూలి కూడా రాక రైతులు పంటను రోడ్డు పక్కన పారబోసే రోజులు వస్తుంటాయి. అవే ఈ సాస్‌కి సరైన రోజులు. నేపుల్స్ వైపు కుటుంబాలు ఆగస్టులో టమాటా విరగ్గాసినప్పుడే ఏడాదికి సరిపడా గుజ్జు తీసి సీసాలకెక్కిస్తాయి. మనం కూడా అలాంటి వారంలో ఐదు కిలోలు తెచ్చి సాస్ చేసి ఫ్రీజర్‌లో పెట్టుకోవచ్చు. రైతు దగ్గర నేరుగా కొనే వీలుంటే ఇంకా మంచిది.

విదేశాల్లో ఉన్నవాళ్లకి ఒక మాట. చలికాలంలో దొరికే తాజా టమాటాల కన్నా డబ్బాలో వచ్చే తొక్క తీసిన మొత్తం టమాటాలు ఎన్నో రెట్లు మేలు. 800 గ్రాముల డబ్బా ఒకటి ఈ కొలతకి సరిపోతుంది. ముక్కలుగా కోసిన టమాటాల డబ్బా మాత్రం తీసుకోవద్దు. ముక్కలు చెదరకుండా ఉండేందుకు చాలావాటిలో కాల్షియం క్లోరైడ్ అనే లవణం కలుపుతారు, అలాంటివి ఎంత ఉడికినా సరిగ్గా గుజ్జు కావు. డబ్బా మీద శాన్ మార్జానో 'తరహా' అని ఉంటే అది ఆ లోయ సరుకు కాదు. అయినా రుచి బాగుంటే వాడుకోండి, పేరుకి మాత్రం ఎక్కువ డబ్బు పెట్టకండి.

బేసిల్ సంగతి

పెరట్లోని తులసి వేయొచ్చా అని చాలామంది అడుగుతారు. వద్దు. రెండూ ఒకే కుటుంబంలోవే అయినా మన తులసికి లవంగం లాంటి ఘాటు ఉంటుంది, సాస్ కషాయంలా అయిపోతుంది. అయితే ఇంట్లో సబ్జా గింజలు ఉన్నాయేమో చూడండి. వేసవిలో షర్బత్‌లో వేసే సబ్జా, బేసిల్ జాతి మొక్క గింజే. కుండీలో చల్లితే కొద్ది రోజుల్లోనే మొలుస్తుంది, నెలన్నర రెండు నెలలకల్లా ఆకులు కోసుకోవచ్చు. ఇటాలియన్ బేసిల్ కన్నా వాసన కొంచెం ఘాటుగా, సోంపు ఛాయతో ఉంటుంది కాబట్టి ఐదారు ఆకులు చాలు. అదీ లేకపోతే అర టీస్పూను ఎండు ఒరెగానో వేయండి. కొత్తిమీర మాత్రం వద్దు. అది పడిన మరుక్షణం వంట మళ్లీ మన కూర వైపు మళ్లుతుంది.

చేసే విధానం

1. టమాటాలు కడిగి, తొడిమ ఉన్న గట్టి భాగం తీసేయండి. రెండో కొసన కత్తితో చిన్న ఇంటూ గుర్తు గీయండి. గాటు తొక్క వరకే, కండలోకి దిగకూడదు.

2. పెద్ద గిన్నెలో నీళ్లు తెర్ల కాగనివ్వండి. టమాటాలు ఐదారు చొప్పున వేసి, గాటు దగ్గర తొక్క విడవగానే తీసేయండి. పండినవాటికి అర నిమిషం, మందం తొక్క హైబ్రిడ్‌కి నిమిషం పడుతుంది. తీసిన వెంటనే చల్లటి నీళ్లలో వేయండి. అంతకన్నా ఎక్కువసేపు ఉంచితే కండ ఉడికి, తొక్కతో పాటు ఊడి వస్తుంది.

   ఇదంతా ఎందుకనుకుంటే దగ్గరి దారి ఉంది. పండిన టమాటాని ఉడకబెట్టకుండానే అడ్డంగా రెండు చెక్కలు చేసి, గ్రేటర్ పెద్ద కన్నాల మీద కోసిన వైపు పెట్టి తురమండి. గుజ్జంతా కిందికి పోయి తొక్క చేతిలో మిగులుతుంది. పనిరోజుల్లో నేను ఇలాగే చేస్తాను.

3. తొక్క తీసిన టమాటాల్ని చీల్చి, గింజల్ని జల్లెడలోకి రాల్చండి. జల్లెడ కింద గిన్నె పెట్టండి. గింజల చుట్టూ ఉండే జిగురులోనే టమాటా రుచి చాలా ఉంటుంది, పారబోయకండి. చెంచాతో రుద్ది ఆ రసం పట్టుకుని గింజలు మాత్రం వదిలేయండి.

4. కండని చేత్తో నలపండి, లేదా పప్పుగుత్తితో మెదపండి. మిక్సీ వద్దు. మిక్సీలో గాలి కలిసి గుజ్జు నురగలా మారి ఎరుపు పోయి నారింజ రంగుకి తిరుగుతుంది. గింజలు నలిగితే వగరు కూడా వస్తుంది. అక్కడక్కడా ముక్క తగలడమే ఈ సాస్‌కి అందం.

5. బాండీలో నూనె పోసి, అది చల్లగా ఉండగానే వెల్లుల్లి వేయండి. రెబ్బని కత్తి పక్కభాగంతో నొక్కి చితక్కొట్టి వేయాలి, ముద్ద చేయకూడదు. తర్వాత సన్నటి మంట మీద పెట్టండి. మనకి పోపు అలవాటు: నూనె కాగాలి, చిటపటలాడాలి. ఇక్కడ దానికి పూర్తిగా ఎదురు. నూనెలో చిన్న బుడగలతో వెల్లుల్లి నెమ్మదిగా మగ్గి, రెండు మూడు నిమిషాలకి లేత బంగారు రంగుకి రావాలి. గోధుమ రంగు వచ్చిందంటే దాటిపోయినట్టే.

   హెచ్చరిక: వెల్లుల్లి మాడితే ఆ నూనె పారబోసి మళ్లీ మొదలుపెట్టండి. మాడిన చేదు టమాటాలోకి దిగితే పంచదార వేసినా, వెన్న వేసినా పోదు. ఖరీదైన నూనె కదా అని ఒకసారి పారబోయకుండా ముందుకెళ్లాను. చివరికి నూనెతో పాటు కిలో టమాటాలూ పోయాయి.

6. మంట కొంచెం పెంచి టమాటా గుజ్జు, రసం, ఉప్పు వేయండి. గుజ్జు తడికి నూనె ఎగిరిపడుతుంది, గరిటెతో జాగ్రత్తగా జార్చండి. ఒక ఉడుకు రాగానే మంట తగ్గించండి. కుతకుత కాదు, అక్కడో బుడగ ఇక్కడో బుడగ వచ్చేలా ఉండాలి. మూత పూర్తిగా పెట్టకండి. నీరు ఆవిరై పోవాలి, గుజ్జు ఇగరాలి. వెడల్పు బాండీ కావాలన్నది ఇందుకే: అందులో 25 నుంచి 35 నిమిషాల్లో అయ్యేది లోతైన గిన్నెలో గంట పడుతుంది. అంతసేపు ఉడికితే తాజాదనం పోతుంది. ఎగిరిపడుతుంటే జల్లెడ బోర్లించండి, ఆవిరి పోతుంది, పొయ్యి ఖరాబు కాదు.

   ప్రెషర్ కుక్కర్లో రెండు విజిల్స్ పెడితే ఏమవుతుందని అడుగుతారు. మెత్తబడుతుంది, కానీ నీరంతా లోపలే ఉంటుంది. మళ్లీ ఇగరబెట్టక తప్పదు కాబట్టి కలిసొచ్చేదేమీ లేదు.

7. ఐదు నిమిషాలకోసారి అడుగు తగిలేలా కలపండి. చివరి పది నిమిషాల్లో చిక్కబడ్డాక అడుగంటే ప్రమాదం ఎక్కువ, అప్పుడు పొయ్యి దగ్గరే ఉండండి.

8. వెల్లుల్లి రెబ్బలు తీసేయండి. ఇటలీలో చాలామంది తీసేస్తారు, ఇష్టమైతే ఉంచుకోండి. రుచి చూడండి. ఉప్పు సరిపోయాకే పులుపు గురించి ఆలోచించాలి. ఉప్పు తక్కువైనప్పుడు కూడా సాస్ పుల్లగా అనిపిస్తుంది. అప్పటికీ పుల్లగా ఉంటే చిటికెడు పంచదార వేయండి. చెంచాడు వేస్తే కెచప్ అవుతుంది. కొందరు వంట సోడా వేస్తారు. పులుపు తగ్గే మాట నిజమే, రుచి కూడా దానితో పాటే చప్పబడుతుంది. నేను వేయను.

9. పొయ్యి కట్టేసి, బేసిల్ ఆకులు చేత్తో చింపి వేయండి, పైన టేబుల్ స్పూను ఆలివ్ నూనె పోయండి. ఐదు నిమిషాలు కదపకండి.

అయిందో లేదో ఎలా తెలుస్తుంది

గడియారం చూసి దించకండి. టమాటాలో నీటి పాళ్లు ప్రతిసారీ మారతాయి. మూడు గుర్తులు చూడండి.

మొదటిది మన వంటలో అందరికీ తెలిసిందే: అంచుల దగ్గర నూనె విడివడి పైకి తేలాలి. నేపుల్స్ వంటింట్లోనూ ఇదే గుర్తు.

రెండోది, బాండీ మధ్యలో గరిటెతో ఒక గీత గీయండి. ఆ దారి ఒక క్షణం ఆగి నెమ్మదిగా మూసుకోవాలి. వెంటనే మూసుకుంటే ఇంకా ఇగరాలి. అసలు మూసుకోకపోతే ఎక్కువైంది, రెండు గరిటెల వేడినీళ్లు పోయండి.

మూడోది అన్నిటికన్నా నమ్మకమైనది. చెంచాడు సాస్ తెల్లటి పళ్లెంలో వేసి నిమిషం ఆగండి. చుట్టూ పల్చటి నీటి వలయం ఏర్పడిందా? అంటే పాస్తా పళ్లెంలో కూడా అడుగున నీరు తేలుతుంది. మళ్లీ పొయ్యి మీద పెట్టండి.

పాస్తాతో కలపడం: ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే

సాస్ బాగా కుదిరాక కూడా పళ్లెంలో పాస్తా ఒక వైపు, సాస్ ఒక వైపు ఉండిపోతుంటే కలిపే పద్ధతిలో లోపం ఉన్నట్టు.

100 గ్రాముల పాస్తాకి లీటరు నీళ్లు, 10 గ్రాముల ఉప్పు అన్నది ఇటలీలో వాడే లెక్క. మన ఇళ్లల్లో అంత పెద్ద గిన్నె లేకపోతే 350 గ్రాములకి రెండున్నర లీటర్లయినా పెట్టండి. ఉప్పు మాత్రం తగ్గించకండి: లోపల చప్పగా ఉన్న పాస్తాకి పైన ఎంత ఉప్పు వేసినా పట్టదు. నీళ్లలో నూనె పోయకండి, అది పాస్తాకి పూతలా అంటుకుని సాస్‌ని జారుస్తుంది. వార్చాక చల్లటి నీళ్లతో కడగొద్దు. మీద ఉండే పిండిజిగురే సాస్‌ని పట్టి ఉంచుతుంది.

ప్యాకెట్ మీద 10 నిమిషాలని ఉంటే 8కే తీయండి. వార్చే ముందు ఒక కప్పు ఆ ఉడికిన నీళ్లు పక్కన పెట్టుకోండి, మనం గంజి పట్టినట్టే. పాస్తాని వేడి సాస్ ఉన్న బాండీలోనే వేసి, పావు కప్పు గంజి పోసి, మంట పెంచి రెండు నిమిషాలు ఎగరేస్తూ కలపండి. సాస్ ప్రతి ముక్కకీ అంటుకుని మెరుస్తుంది. గట్టిపడితే ఇంకొంచెం గంజి. పళ్లెంలో వడ్డించాక అడుగున నీరు గానీ నూనె మడుగు గానీ లేకపోతే సరిగ్గా కుదిరినట్టు.

పైన చీజ్ తురిమేవాళ్లలో శాకాహారులు ఒకటి తెలుసుకోవాలి. అసలైన పార్మీజానో రెజ్జానో చీజ్ దూడ కడుపు నుంచి తీసిన రెన్నెట్‌తో, అంటే పాలను గడ్డకట్టించే పదార్థంతో తయారవుతుంది. అక్కర్లేదనుకుంటే పచ్చ చుక్క ఉన్న గట్టి చీజ్ తీసుకోండి. అసలు చీజ్ లేకుండా కూడా ఈ సాస్‌కి లోటేమీ ఉండదు.

ఇది లేకపోతే అది

ఆలివ్ నూనె ఖరీదు భారమైతే వండడానికి పొద్దుతిరుగుడు నూనె వాడి, చివర్లో వేసే ఒక్క చెంచా మాత్రం ఎక్స్‌ట్రా వర్జిన్ ఆలివ్ నూనె వేయండి. వాసన అంతా ఆ చెంచాలోనే వస్తుంది. నువ్వుల నూనె, ఆవ నూనె పనికిరావు, వాటి వాసన టమాటాని మింగేస్తుంది.

వెల్లుల్లి తినని ఇళ్లల్లో ఒక చిన్న ఉల్లిపాయ సన్నగా తరిగి వేయండి. పది నిమిషాలు సన్నటి సెగన మగ్గి మెత్తబడాలి, ఎర్రగా వేగకూడదు. పిల్లలకి పులుపు పడకపోతే చిన్న క్యారెట్ ముక్క వేసి ఉడికించి తీసేయండి. ఉల్లీ వెల్లుల్లీ రెండూ కలిపి వేయడం తప్పు కాదు గానీ ఐదు వస్తువుల సాస్‌లో ఒకటే ఉంటే రుచి స్పష్టంగా తెలుస్తుంది.

ఇక కారం. కారం లేకుండా ముద్ద దిగదనేవాళ్లు దిగులు పడక్కర్లేదు. రోమ్ నగరం ఉన్న లాజియో ప్రాంతంలో 'అరబ్బియాతా' అనే సాస్ ఉంది, ఆ మాటకి కోపంతో ఉన్నది అని అర్థం. ఇదే సాస్‌లో ఎండుమిర్చి వేస్తారు, అంతే తేడా. ఐదో మెట్టులో వెల్లుల్లితో పాటు రెండు గుంటూరు ఎండుమిర్చి తుంచి నూనెలో వేయండి. కారప్పొడి వేయకండి. పొడి నూనెలో మాడుతుంది, మాడకపోయినా సాస్ అంతా ఒకే రుచిగా చేస్తుంది.

నిల్వ

ఫ్రిజ్‌లో మూత గట్టిగా ఉన్న గాజు సీసాలో నాలుగు రోజులు ఉంటుంది. ఫ్రీజర్‌లో మూడు నెలలు. ఒక పూటకి సరిపడా పొట్లాలుగా చేసి, జిప్ కవర్లలో పల్చగా పరిచి గడ్డ కట్టించండి, తొందరగా కరుగుతుంది. గాజు సీసాలో గడ్డ కట్టిస్తే పైన రెండు వేళ్ల జాగా వదలండి, లేకపోతే పగులుతుంది.

ఆవకాయలాగా బయట అలమరలో పెట్టొచ్చా అని అడుగుతారు. ఈ ప్రశ్నకి మాత్రం గట్టిగా చెబుతున్నాను: పెట్టకూడదు. ఆవకాయని కాపాడేది అందులోని ఉప్పు, మామిడి పులుపు, ఆవపిండి. ఈ సాస్‌లో ఉప్పు చెంచాడు కూడా లేదు. పైన నూనె పోస్తే పాడవదన్న నమ్మకం ఇక్కడ అపాయం. గాలి తగలని చోట, పులుపు చాలని చోట పెరిగే బాటులిజం క్రిమి విషానికి వాసనా రుచీ ఉండవు, ప్రాణం మీదికి వస్తుంది. ఇటలీ వాళ్ల సీసాలు నీళ్లలో మునిగి చాలాసేపు ఉడుకుతాయి. అలా చేయాలంటే నూనె, వెల్లుల్లి లేని ఉత్త గుజ్జుకి అర లీటరుకి ఒక టేబుల్ స్పూను సీసాలో అమ్మే నిమ్మరసం చొప్పున కలిపి, పద్ధతి పూర్తిగా నేర్చుకుని చేయాలి. ఫ్రీజర్ ఉన్నవాళ్లకి ఆ పని అక్కర్లేదు.

మర్నాటికి రెండు గరిటెల సాస్ మిగిలితే పాస్తా మళ్లీ ఉడికించక్కర్లేదు. సాస్‌ని చిన్న బాండీలో వేడి చేసి, కొంచెం నీళ్లు పోసి, చెంచాతో రెండు గుంటలు చేసి రెండు కోడిగుడ్లు కొట్టి పోయండి. సన్నటి మంట మీద మూత పెడితే తెల్లసొన గట్టిపడి పచ్చసొన మెత్తగా ఉండేసరికి ఐదారు నిమిషాలు పడుతుంది. నేపుల్స్‌లో ఇది మామూలు రాత్రి భోజనం. అక్కడ రొట్టె ముంచుకుని తింటారు. మా ఇంట్లో చపాతీతో తింటాం.